వచ్చేవాళ్ళు వేరు, ఉన్నవాళ్ళు వేరు: స్పాన్సర్‌షిప్ దరఖాస్తులో పిల్లల లెక్క

గోదావరి జిల్లాల్లో ‘మీకు పిల్లలెంతమంది?’ అని అడిగితే జవాబు ఒక్కోసారి సూటిగా రాదు. పాలకొల్లులో ఒకాయన ‘ముగ్గురండీ. ఇద్దరు మా పిల్లలు, ఇంకొకడు మా తమ్ముడి కొడుకు, మా ఇంట్లోనే పెరిగాడు’ అంటాడు. అమలాపురంలో ఒకావిడ ‘ఒక్కతే అమ్మాయి’ అంటుంది. మొదటి పెళ్ళిలో పుట్టిన అబ్బాయి నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు కాబట్టి ఆమె లెక్కలోకి రాలేదు. అతని మాట ఎత్తడం ఆమెకు ఇబ్బంది కూడా. ఊళ్ళో ఈ రెండు జవాబులనూ ఎవరూ తప్పుపట్టరు. తమ్ముడి కొడుకు వరసకు కొడుకే. దగ్గర లేని బిడ్డ ప్రస్తావన రాకుండా చూసుకోవడం మర్యాదే.

అదే ప్రశ్న కెనడాకో అమెరికాకో పంపే కుటుంబ స్పాన్సర్‌షిప్ దరఖాస్తులో, అంటే అక్కడున్నవారు తమవాళ్ళను పిలిపించుకోవడానికి వేసే దరఖాస్తులో, ఎదురైనప్పుడు రెండు జవాబులూ తప్పవుతాయి. పాలకొల్లు ఆయన చట్టం లెక్కించని బిడ్డను చేర్చాడు. అమలాపురం ఆవిడ చట్టం తప్పనిసరిగా లెక్కించే బిడ్డను వదిలేసింది. మొదటి తప్పుకు శిక్ష ఒక తిరస్కరణ, కొంత డబ్బు నష్టం. రెండో తప్పు ఆ అబ్బాయి తల్లిని చేరుకునే దారినే మూసేయవచ్చు.

దరఖాస్తు ఫారాల్లో పిల్లల గురించి అడిగేవి నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలు. మీకు ఎవరెవరు ఉన్నారు అన్నది ఒకటి. వాళ్ళలో ఇప్పుడు మీతో ఎవరు వస్తున్నారు అన్నది రెండోది. భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం నుంచి వెళ్ళే దరఖాస్తుల్లో పిల్లల విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల జరిగేవే. ‘రానివాళ్ళ పేర్లు ఎందుకు, అనవసరంగా ప్రశ్నలు వస్తాయి’ అని సలహా ఇచ్చే ఏజెంటు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. ఇంతకంటే ఖరీదైన సలహా ఈ వ్యవహారం మొత్తంలో మరొకటి లేదు.

తోడు రాని బిడ్డ

కెనడా నిబంధనలు ఈ విషయంలో చాలా కఠినం. అక్కడి వలస, శరణార్థుల రక్షణ నిబంధనల్లో 117(9)(డి) అనే ఉపనిబంధన ఉంది. ఒక వ్యక్తి శాశ్వత నివాసిగా కెనడాలో అడుగుపెట్టేనాటికి అతనికి భార్యో, భర్తో, బిడ్డో ఉండి, ఆ మనిషిని అధికారులు అప్పుడు పరీక్షించి ఉండకపోతే, తరువాత కుటుంబ వర్గం కింద ఆ మనిషిని స్పాన్సర్ చేయడానికి వీల్లేదని దాని సారాంశం. పరీక్ష అంటే వైద్య పరీక్ష, నేర చరిత్ర, భద్రతా తనిఖీలు. బిడ్డ వెంట రాకపోయినా ఈ పరీక్షలు తప్పవు. పేరే రాయకపోతే పరీక్ష జరిగే ప్రసక్తే ఉండదు. అందువల్ల పేరు దాచడం అంటే ఆ బిడ్డను కుటుంబ వర్గం నుంచి జీవితాంతం తప్పించడమే.

పైన చెప్పిన అమలాపురం ఆవిడ ఉదాహరణే తీసుకుందాం. ఆమె రెండో భర్త కెనడాలో శాశ్వత నివాసి. ఆమెనూ చిన్నమ్మాయినీ అతను స్పాన్సర్ చేస్తున్నాడు. అబ్బాయి నాయనమ్మ దగ్గరే ఉంటాడని రెండు కుటుంబాలూ ఒప్పుకున్నాయి. అబ్బాయి పేరు ‘తోడు రాని బిడ్డ’గా రాసి, వైద్య పరీక్ష చేయిస్తే సరిపోయేది. నాలుగేళ్ళ తరువాత నాయనమ్మ పోతే, తల్లి అతన్ని పిలిపించుకోవడానికి దారి ఉండేది. పేరు రాయకపోతే, కింద చెప్పే ప్రయోగాత్మక ఊరట దొరికితే తప్ప, ఆ రోజు ఆమె చేతిలో మిగిలేది మానవతా కారణాలతో పెట్టుకునే అర్జీ మాత్రమే. దానికి ఫలితం ఇలా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ నిబంధన పిల్లలను శిక్షిస్తోందన్న విమర్శ కెనడాలోనే చాలాకాలం నడిచింది. 2019 సెప్టెంబరు 9న ప్రభుత్వం ఒక ప్రయోగాత్మక విధానం తెచ్చింది, తరువాత దాన్ని పొడిగిస్తూ వచ్చింది. శరణార్థులుగా వచ్చినవారికి, లేదా భార్య, భర్త, సహచరుడు, ఆధారపడిన బిడ్డ హోదాలో స్పాన్సర్ చేయగా వచ్చినవారికి మాత్రమే, అదీ కొన్ని షరతులతో, ఆ ఊరట దొరుకుతుంది. ఉద్యోగ నైపుణ్యం మీద ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దారిలో వెళ్ళినవారికి అది వర్తించదు. డెల్టా నుంచి కెనడాకు వెళ్ళే చదువుకున్న కుర్రవాళ్ళలో చాలామందిది ఈ దారే. కాబట్టి ఆ మినహాయింపు ఉందన్న ధైర్యంతో పేరు వదిలేయడం తెలివైన పని కాదు.

విడిపోయిన తండ్రి పిల్లవాణ్ణి వైద్య పరీక్షకు పంపనంటే ఏమిటి దారి? ఇలాంటి చోటే చాలామంది అబద్ధం వైపు మొగ్గుతారు. పేరు రాసి, ఎందుకు పరీక్షకు తీసుకురాలేకపోతున్నారో రాతపూర్వకంగా చెప్పి, చేసిన ప్రయత్నాలకు ఆధారాలు జత చేయాలి. పరీక్ష జరగకపోతే ముందుముందు ఆ బిడ్డను స్పాన్సర్ చేసే అవకాశం పోవచ్చు, ఆ నష్టం నిజమే. కానీ తల్లి దరఖాస్తు మీద అబద్ధమన్న మచ్చ పడదు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే కెనడా చట్టంలోని 40వ సెక్షన్ కింద 5 ఏళ్ళ నిషేధం ఉంటుంది. అమెరికాలో ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పారని నిర్ణయిస్తే నిషేధం శాశ్వతం, క్షమాభిక్ష లాంటి వెసులుబాటు కొందరికే దొరుకుతుంది.

ఒక పిటిషన్‌లో ఇమడని పిల్లలు

అమెరికా పద్ధతి మరోలా తికమకపెడుతుంది. ఇంట్లో పెద్దవారికి వీసా వస్తే పిల్లలు వెంట వస్తారనే నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. ఆ నమ్మకం సగమే నిజం. ఏ సగం నిజమో తెలుసుకోకపోతే సంవత్సరాలు కరిగిపోతాయి.

అమెరికాలో కుటుంబ వలస రెండు పాయలుగా ఉంటుంది. పౌరుల భార్య లేదా భర్త, 21 ఏళ్ళు నిండని పెళ్ళికాని పిల్లలు, తల్లిదండ్రులు ఒక పాయ. వీళ్ళను తక్షణ బంధువులంటారు. వీళ్ళకు వార్షిక పరిమితి లేదు, కాబట్టి ఏళ్ళ తరబడి వరసలో నిలబడే పని లేదు. రెండో పాయ ప్రాధాన్య వర్గాలది: శాశ్వత నివాసుల భార్య, భర్త, పిల్లలు ఎఫ్2ఏలోనూ, పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎఫ్4లోనూ వస్తారు. ఇంకా కొన్ని వర్గాలున్నాయి. ఇక్కడ క్యూ ఉంటుంది.

విచిత్రమేమిటంటే, క్యూ లేని మొదటి పాయలో పిల్లలు పెద్దవారి పిటిషన్‌కు అనుబంధంగా రారు. క్యూ ఉన్న రెండో పాయలో వస్తారు. తణుకులోని ఒక అమ్మాయి అమెరికా పౌరుణ్ణి పెళ్ళి చేసుకుంది, ఆమెకు మొదటి పెళ్ళి వల్ల పదేళ్ళ పాప ఉంది అనుకుందాం. భర్త ఆమె కోసం వేసిన ఐ-130 పిటిషన్‌లో (బంధువును పిలిపించుకోవడానికి వేసే అమెరికా ఫారం ఇది) పాప పేరు రాస్తాడు, రాయాలి కూడా. కానీ ఆ ఒక్క పిటిషన్ మీద పాపకు వీసా రాదు. పాప కోసం విడిగా ఇంకో ఐ-130 వేయాలి. సవతి బిడ్డ బంధం చెల్లాలంటే ఆ పెళ్ళి పాపకు 18 ఏళ్ళు నిండకముందే జరిగి ఉండాలి. ఈ సంగతి తెలియక తల్లికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక, పాప కాగితం ఎక్కడని కంగారుపడే ఇళ్ళు ఉంటాయి. అప్పుడు తల్లి ముందుగా వెళ్ళిపోతుంది, పాప అమ్మమ్మ దగ్గర ఉండిపోతుంది.

తల్లిదండ్రులను పిలిపించుకునే కూతురి విషయంలో ఇది మరీ కటువుగా ఉంటుంది. అమెరికా పౌరురాలైన పెద్దకూతురు రామచంద్రపురంలోని అమ్మానాన్నలకు పిటిషన్ వేస్తే, వాళ్ళ దగ్గర చదువుకుంటున్న పదహారేళ్ళ తమ్ముడు వాళ్ళతో వెళ్ళలేడు. అక్క అతని కోసం ఎఫ్4లో వేయవచ్చు, కానీ ఆ వరస దశాబ్దాలది. తల్లిదండ్రులు శాశ్వత నివాసులయ్యాక వాళ్ళే కొడుకు కోసం వేయడం దగ్గర దారి. కెనడాలో తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ అవకాశం దొరకడమే గగనం గానీ, దొరికిన దరఖాస్తులో 22 నిండని పెళ్ళికాని తమ్ముణ్ణి చేర్చవచ్చు.

ఇదే పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. గ్రీన్ కార్డు ఉన్న భర్త ఎఫ్2ఏలో భార్యకు వేసిన పిటిషన్‌లో పిల్లలు అనుబంధంగా ఉంటారు. మధ్యలో అతనికి పౌరసత్వం వచ్చిందనుకోండి, శుభవార్తే. భార్య వెంటనే తక్షణ బంధువు అవుతుంది, క్యూ తప్పుతుంది. ఆ క్షణానే పిల్లల అనుబంధ హోదా పోతుంది, వాళ్ళకు విడివిడిగా పిటిషన్లు వేయాల్సి వస్తుంది. ముందే వేసిపెట్టుకున్న కుటుంబం నవ్వుకుంటుంది. లేని కుటుంబం పౌరసత్వ ప్రమాణం చేసిన నెలలోనే మళ్ళీ మొదటికి వస్తుంది.

వయసు ఏ రోజున ఆగుతుంది

బీటెక్ పూర్తిచేసి హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటున్న 23 ఏళ్ళ కొడుకు, తండ్రి పంపే డబ్బు మీదే బతుకుతున్నాడు. ఆక్వా కంపెనీలో జీతం తెచ్చుకుంటున్న 20 ఏళ్ళ కూతురు ఇంటికే డబ్బు ఇస్తోంది. ఆధారపడిన బిడ్డ ఎవరు? ఇంటి లెక్కలో కొడుకు. కెనడా లెక్కలో కూతురు. 22 నిండలేదు, పెళ్ళి కాలేదు, అంతే చాలు, ఆమె జీతంతో చట్టానికి పని లేదు. 22 దాటినవారిని లెక్కించాలంటే శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల తమను తాము పోషించుకోలేక, 22 రాకముందు నుంచీ తల్లిదండ్రుల మీదే ఆధారపడి ఉండాలి. పూర్తికాలం చదువుకుంటున్న పెద్ద పిల్లలను కూడా లెక్కలోకి తీసుకున్న కాలం ఒకటుంది, అది 2014 ఆగస్టు 1తో ముగిసింది. ఆ రోజు వయసు పరిమితిని 19కి తగ్గించి, చదువు మినహాయింపును తీసేశారు. 2017 అక్టోబరు 24న పరిమితి మళ్ళీ 22కి వచ్చింది, చదువు మినహాయింపు మాత్రం తిరిగి రాలేదు. పాత కాలంలో వెళ్ళిన పెదనాన్న చెప్పే అనుభవం ఇప్పుడు పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఆస్ట్రేలియాలో చైల్డ్ వీసాకు పూర్తికాలం చదువుతున్న పెళ్ళికాని బిడ్డకు 25 దాకా అవకాశం ఉంటుంది. ఒక దేశం లెక్క మరో దేశానికి సరిపోదు.

కెనడాలో పూర్తి దరఖాస్తు అధికారులకు అందిన రోజున బిడ్డ వయసు ఆగిపోతుంది. ఆ తరువాత పరిశీలన రెండేళ్ళు పట్టినా 22 దాటిందన్న సమస్య రాదు. ఇక్కడ ‘పూర్తి’ అన్న మాటే ప్రాణం. ఒక సంతకమో, ఒక ఫారమో లేకపోతే కట్టంతా వెనక్కి వస్తుంది, వయసు ఆగనట్టే. 22వ పుట్టినరోజుకు మూడు వారాల ముందు హడావిడిగా పంపిన దరఖాస్తు తిరిగివచ్చి, మళ్ళీ పంపేలోగా పుట్టినరోజు గడిచిపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

అమెరికాలో ఈ లెక్క ఇంకా చిక్కు. 2002 ఆగస్టు 6న అమల్లోకి వచ్చిన పిల్లల హోదా పరిరక్షణ చట్టం దీనికి మూలం. తక్షణ బంధువైన బిడ్డకు ఐ-130 దాఖలు చేసిన రోజునే వయసు ఆగుతుంది. ప్రాధాన్య వర్గాల్లో ఒక తీసివేత లెక్క చేస్తారు. వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున, అంటే క్యూలో వంతు వచ్చిన రోజున, బిడ్డ అసలు వయసు ఎంతో చూసి, అందులోంచి పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని తీసేస్తారు. మిగిలింది 21 కంటే తక్కువైతే బిడ్డే.

ఊహించి ఒక లెక్క కడదాం. 2006 తొలి నెలల్లో అమెరికా పౌరురాలైన చెల్లెలు నరసాపురంలోని అన్న కోసం ఎఫ్4 పిటిషన్ వేసింది. అది ఆమోదం పొందడానికి 4 ఏళ్ళు పట్టింది. ఎఫ్4 వర్గానికి ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలే ఉంటాయి, అందులోనూ ఒక్కో దేశానికి పరిమితి ఉంది. 2025లో భారతీయుల వరస 2006 పిటిషన్ల దగ్గరే నడిచింది కాబట్టి, ఇతని వంతు ఆ ఏడాది వచ్చిందనుకుందాం. పెద్దమ్మాయికి 26 నిండాయి. 4 తీసేస్తే 22, ఆమె లేదు. అబ్బాయికి 23 నిండాయి. 4 తీసేస్తే 19, అతను ఉన్నాడు. ఆమోదం తరువాత క్యూలో గడిచిన 15 ఏళ్ళను ఎవరికీ తీసివేయరు. ప్రభుత్వం పిటిషన్ చూడటంలో ఎంత ఆలస్యం చేస్తే పిల్లలకు అంత మేలు, క్యూ ఎంత సాగితే అంత చేటు. ఫైలు నెమ్మదిగా కదిలిందని నరసాపురంలో తిట్టుకున్న ఆ నాలుగేళ్ళే ఆ అబ్బాయిని కాపాడాయి.

పెద్దమ్మాయికి మరో దారి ఉందా అంటే, తండ్రి శాశ్వత నివాసి అయ్యాక ఆమె కోసం కొత్తగా పిటిషన్ వేయాలి. పాత 2006 తేదీని ఆమెకు ఇస్తారా అన్న తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014లో కోర్టు ఇవ్వనక్కర్లేదంది. లెక్కలో గట్టెక్కిన అబ్బాయి కూడా నిశ్చింతగా కూర్చోకూడదు. వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన ఏడాదిలోగా అతని తరఫున వీసా కోసం అడుగు వేయాలి. తండ్రి ఒక్కడి కాగితాలు కదిపి, కొడుకు పరీక్షలు అయ్యాక చూద్దామనుకుంటే ఆ ఏడాది జారిపోవచ్చు.

ఇక పెళ్ళి. ఈ లెక్కలన్నీ బిడ్డకు పెళ్ళి కాలేదన్న షరతు మీదే నిలబడ్డాయి. ఇరవై దాటిన అమ్మాయికి మంచి సంబంధం వస్తే వదులుకోవడానికి డెల్టాలో ఏ తండ్రికీ మనసొప్పదు, వీసా ఎప్పుడొస్తుందో చెప్పలేని పరిస్థితిలో అతన్ని తప్పుపట్టనూ లేము. నిశ్చితార్థంతో హోదా పోదు, పెళ్ళితో పోతుంది. శాశ్వత నివాసికి పెళ్ళైన కొడుకూ కూతురూ ఉంటే వాళ్ళను పిలిచే వర్గమే అమెరికా చట్టంలో లేదు, కాబట్టి తండ్రి గ్రీన్ కార్డుదారుగా వేసిన పిటిషన్ పెళ్ళితో పూర్తిగా చచ్చిపోతుంది. ‘పెళ్ళి రిజిస్టర్ చేయించలేదు కదా, కానట్టే’ అనే ఉపాయం ఒకటి తిరుగుతూ ఉంటుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం శాస్త్రోక్తంగా జరిగిన పెళ్ళి రిజిస్ట్రేషన్ లేకపోయినా పెళ్ళే. కల్యాణ మండపంలో రెండు వేలమంది భోంచేసిన పెళ్ళిని కాన్సులేట్ అధికారి ముందు లేదనడం ప్రమాణం చేసి అబద్ధం చెప్పడమే. కొంత ఓపిక పట్టగలిగితే, అమ్మాయి వీసా మీద అక్కడ అడుగుపెట్టాక పెళ్ళి చేసుకుని, భర్త కోసం తానే ఎఫ్2ఏలో వేయవచ్చు.

పుట్టిన ఊరి కాగితం

చట్టాలు ఒట్టావాలోనో వాషింగ్టన్‌లోనో ఉన్నా, బిడ్డను రుజువు చేసే కాగితం మాత్రం అమ్మమ్మగారి ఊరి పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో ఉంటుంది. తొలి పురుడు పుట్టింట్లో పోసుకోవడం మన ఆచారం. జనన నమోదు పుట్టిన చోటే జరుగుతుంది, కాపురం ఉన్న చోట కాదు. తండ్రి ఊరు కాకినాడ అయినా, బిడ్డ ధ్రువపత్రం రాజోలు పక్క పల్లెలో వెతుక్కోవాల్సి రావచ్చు. అక్కడ వివరాలు చెప్పింది తాతగారు కావడంతో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. ఇద్దరూ ఒకరే అని విదేశీ అధికారికి చెప్పడానికి పెళ్ళి ధ్రువపత్రం, ఒక అఫిడవిట్ కావాలి.

పేరు గడి ఖాళీగా ఉన్న ధ్రువపత్రాలు ఇంకో తలనొప్పి. జననం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. బారసాల చాలా ఇళ్ళలో 21వ రోజునే చేస్తారు. ఆసుపత్రి పంపిన వివరాల్లో తల్లి పేరు, ఆడపిల్ల లేదా మగపిల్లవాడు అన్నది మాత్రమే ఉండిపోతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ కింద తరువాత పేరు చేర్పించుకోవచ్చు: ఏడాదిలోపు రుసుము లేకుండా, తరువాత నిబంధనల ప్రకారం 15 ఏళ్ళ దాకా రుసుముతో. దరఖాస్తుకు ముందు చేయాల్సిన పనుల్లో ఇది చిన్నది, అందరూ చివరికి వదిలేసేదీ ఇదే.

అసలు నమోదే జరగని పిల్లలుంటే ఏడాది దాటాక మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఇలా దరఖాస్తుకు కొన్ని నెలల ముందు పుట్టుకొచ్చిన ధ్రువపత్రాన్ని అధికారులు అనుమానంగానే చూస్తారు. దానికి తోడుగా ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, ఒకటో తరగతి ప్రవేశ రికార్డు పెట్టాలి. అవి కూడా లేకపోతే డీఎన్ఏ పరీక్ష సూచించవచ్చు. 1986 వరదలోనో 1996 నవంబరు తుపానులోనో పెట్టెలు తడిసి, పాత కాగితాలు పోయిన ఇళ్ళకు కోనసీమలో కొరత లేదు. ఆ తరం తల్లిదండ్రులను స్పాన్సర్ చేసేటప్పుడు రికార్డు లభించలేదన్న ధ్రువపత్రం, పెద్దల అఫిడవిట్లు అక్కరకు వస్తాయి.

బడిలో వేసిన పుట్టినతేదీ వేరే కథ. వయసు చాలదని మాస్టారు ఆరు నెలలు ఎక్కువ వేసి రాస్తే, ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకీ, దాన్నుంచి పాస్‌పోర్టులోకీ పాకుతుంది. ఇప్పటి పిల్లల్లో తగ్గింది గానీ, ఇరవై దాటినవారిలో ఇంకా ఉంది. మామూలు రోజుల్లో ఆరు నెలల తేడా ఎవరికీ పట్టదు. బిడ్డ 21 లేదా 22కి దగ్గరగా ఉంటే ఆ ఆరు నెలలే అర్హతను తేలుస్తాయి. అప్పుడు ఏ తేదీ లాభమో ఆ తేదీ కాగితం మాత్రమే చూపించాలన్న ఆశ పుడుతుంది. రెండో కాగితం ఏదో ఒక రోజు బయటపడుతుంది. సరైన తేదీ ఏదో తేల్చుకుని, రికార్డులన్నీ ముందే ఒక దారికి తెచ్చుకోవడం తప్ప వేరే మార్గం లేదు. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు ఈ బాధ ఉండదు, పాస్‌పోర్టుకు వాళ్ళ పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి అమలాపురంలో పుట్టిన అన్న ధ్రువపత్రంలో తూర్పు గోదావరి అనీ, చెల్లెలి దానిలో కోనసీమ అనీ ఉండవచ్చు. దీనికి భయపడక్కర్లేదు, ఒక్క వాక్యంలో వివరణ రాస్తే చాలు.

పెద్దమనుషుల తీర్పు, పెంచిన ప్రేమ

విడిపోవడం కూడా మన దగ్గర తరచు కోర్టు దాకా వెళ్ళదు. పెద్దమనుషులు కూర్చుని, స్టాంపు కాగితం మీద రాసి, పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలో తేల్చేస్తారు. ఆ కాగితాన్ని విదేశీ వీసా అధికారి విడాకులుగా తీసుకోడు. కులాచారంగా చెల్లే విడాకులకు హిందూ వివాహ చట్టంలో చోటుంది గానీ, ఆ ఆచారం ఉందని రుజువు చేసే బరువు చెప్పినవారి మీదే ఉంటుంది. కోర్టు డిక్రీ లేకపోతే రెండో పెళ్ళే ప్రశ్నలో పడుతుంది, దాంతో సవతి బిడ్డ బంధమూ తెగుతుంది. డిక్రీ ఉన్నా, మైనరు బిడ్డను దేశం దాటించడానికి, విడిపోయి ఇక్కడే ఉండే తల్లి లేదా తండ్రి సమ్మతి కావాలి. కెనడా దీనికోసం ప్రత్యేకంగా ఒక ప్రకటన ఫారమే అడుగుతుంది. జాడ తెలియని తండ్రి సంతకం దొరకకపోతే సంరక్షణ హక్కు పూర్తిగా తల్లిదేనన్న కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఇందుకు నెలలు పడుతుంది, వయసు గడియారం ఆగదు.

పాలకొల్లు ఆయన తమ్ముడి కొడుకు సంగతి. పెంచడం వేరు, దత్తత వేరు. సంరక్షకుడిగా ఉన్నంత మాత్రాన స్పాన్సర్ చేసే హక్కు రాదు. పోనీ దత్తత తీసుకుంటే? 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ప్రకారం కొడుకు ఉన్నవాడు మరో కొడుకును దత్తత తీసుకోలేడు, దత్తుడికి 15 ఏళ్ళు నిండి ఉండకూడదు. విదేశాల్లో ఉన్నవాళ్ళు బంధువుల బిడ్డను దత్తత తీసుకోవాలంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ ద్వారా వెళ్ళాలి. దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం 2003 నుంచి మన దేశానికి వర్తిస్తోంది. అమెరికా సాధారణంగా 16 ఏళ్ళలోపే దత్తత జరగాలంటుంది. వీసా కోసం ఆఖరు ఘడియలో రాయించిన దత్తత పత్రం ఎక్కడా నిలవదు. ఆ పిల్లవాడి తల్లిదండ్రులిద్దరూ చనిపోయి ఉంటే మాత్రం కెనడాలో ఒక కిటికీ తెరిచి ఉంది: 18 నిండని, పెళ్ళికాని అనాథలైన తోబుట్టువుల పిల్లలనూ, తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ, మనవలనూ స్పాన్సర్ చేయవచ్చు. అమెరికాలో అలాంటి వర్గం లేదు.

డబ్బు హామీల గురించి పొడుగ్గా చెప్పాల్సిన పని లేదు. కెనడాలో క్యుబెక్ రాష్ట్రం బయట, 22 నిండని బిడ్డకు ఇచ్చే హామీ 10 ఏళ్ళు లేదా 25 ఏళ్ళ వయసు వరకు, ఏది ముందైతే అది. అమెరికాలో ఐ-864 హామీపత్రానికి కుటుంబ పరిమాణాన్ని బట్టి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపాలి, ఒక్కో బిడ్డ చేరినకొద్దీ ఆ అంకె పెరుగుతుంది.

దరఖాస్తు నడుస్తుండగా పుట్టిన బిడ్డను ఏం చేయాలన్నది తరచు వచ్చే సందేహం. వెంటనే తెలియజేయాలి, విమానం ఎక్కేలోగా తెలియజేయకపోతే కెనడాలో మళ్ళీ ఆ 117(9)(డి) చిక్కే. శాశ్వత నివాసం వచ్చాక పురుటికి పుట్టింటికి వచ్చే అమ్మాయిల సంగతి ఇంకోటి. ఒకే వీధిలోకి ఒకే నెలలో ఇద్దరు వచ్చారనుకుందాం, ఇద్దరికీ అక్కడి పౌరసత్వం ఇంకా లేదు. డాలస్ నుంచి వచ్చిన అమ్మాయికి గ్రీన్ కార్డు ఉంది. తాత్కాలికంగా వచ్చిన శాశ్వత నివాసి తల్లికి ఇక్కడ పుట్టిన బిడ్డను, రెండేళ్ళలోపు, ఆమె తొలిసారి తిరిగి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్తే వలస వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం చేతబట్టుకుని ఆమె బిడ్డతోనే విమానం ఎక్కుతుంది. టొరంటో నుంచి వచ్చిన అమ్మాయి కెనడా శాశ్వత నివాసి. ఆమెకు అలాంటి సదుపాయం లేదు. బిడ్డను స్పాన్సర్ చేయాలి, పౌరురాలు కాదు కాబట్టి స్పాన్సర్ చేయడానికి తాను కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. సందర్శక వీసా దొరికితే సరే, లేకపోతే మూడు నెలల పసివాణ్ణి అమ్మ చేతుల్లో పెట్టి, వాడి పేరు మీద దరఖాస్తు వేయడానికి ఆమె ఒంటరిగా తిరిగి వెళ్ళాలి.